జపాన్ తొలి మహిళా గవర్నర్ ఓతా ఫుసాయే: ఒసాకాలో ఎనిమిదేళ్లు

మీ ప్రశ్నలో నిజానికి నాలుగు ప్రశ్నలు ఉన్నాయి: జపాన్‌లో మొట్టమొదటి మహిళా గవర్నర్ ఎవరు, ఆమె ఆ పదవికి ఎలా వచ్చారు, ఆమెను సుమో బరిలో అడుగు పెట్టనివ్వలేదన్న మాట నిజమేనా, ఇంతకీ ఆ పదవిలో ఉండి ఆమె చేసిందేమిటి. మొదటిదానికి ఒక్క వాక్యం చాలు. 2000 ఫిబ్రవరి 6న జరిగిన ఎన్నికలో ఒసాకా గవర్నర్‌గా గెలిచిన ఓతా ఫుసాయే ఆ తొలి మహిళ. జపాన్ పద్ధతి ప్రకారం ఓతా ఇంటిపేరు, ఫుసాయే ఆమె పేరు. మిగిలిన మూడింటికి మాత్రం కొంత విస్తారంగానే జవాబు చెప్పాలి, ఎందుకంటే లోకమంతా చెప్పుకొనే సుమో సంగతి ఆమె పదవీకాలంలో చాలా చిన్న భాగం, ఎవరూ అంతగా చెప్పుకోని అప్పుల సంగతి చాలా పెద్ద భాగం. స్థానిక పాలన గురించి పాఠం చెప్పిన ఏళ్లలో నేను విద్యార్థులకు ఈ రెండోదే ముందు చెప్పేవాణ్ని.

అంతకన్నా ముందు 'గవర్నర్' అనే మాటను సరిచేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌కు శారదా ముఖర్జీ, కుముద్‌బెన్ జోషి, తెలంగాణకు తమిళిసై సౌందరరాజన్ గవర్నర్లుగా పనిచేసిన సంగతి తెలిసిన మనవాళ్లకు, జపాన్‌లో 2000 దాకా ఒక్క మహిళా గవర్నర్ కూడా లేరంటే వింతగానే ఉంటుంది. కాని మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు, రోజువారీ పాలన ఆయన చేతిలో ఉండదు. జపాన్‌లో 'చిజి' అనే పదవిని ఇంగ్లీషు పత్రికలు గవర్నర్ అని రాస్తాయి, మనమూ అదే వాడుతున్నాం; ఆ చిజిని ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) ప్రజలు నేరుగా ఓటు వేసి నాలుగేళ్లకు ఎన్నుకుంటారు. బడ్జెట్ తయారుచేసి సభ ముందు పెట్టేది, యంత్రాంగాన్ని నడిపేది ఆ వ్యక్తే. ప్రిఫెక్చర్ సభను ప్రజలు విడిగా ఎన్నుకుంటారు కాబట్టి, అందులో మెజారిటీ లేకపోయినంత మాత్రాన గవర్నర్ పదవి పోదు; అవిశ్వాస తీర్మానం నెగ్గాలంటే మూడింట రెండు వంతుల సభ్యులు హాజరై, వారిలో నాలుగింట మూడు వంతుల మంది సమ్మతించాలి, అప్పుడు కూడా గవర్నర్ పది రోజుల్లోగా సభనే రద్దు చేయవచ్చు. అంటే మన లెక్కలో ఇది ముఖ్యమంత్రి పదవికి దగ్గరగా, కొన్ని విషయాల్లో అంతకన్నా గట్టిగా ఉండే పదవి. ఆ తూకంలో పెట్టి చూస్తే, ఇంతవరకు ఒక్క మహిళా ముఖ్యమంత్రిని చూడని రెండు తెలుగు రాష్ట్రాలవారికి జపాన్‌ను వేలెత్తి చూపే హక్కు పెద్దగా లేదు.

జపాన్‌లో ఇలాంటి ప్రిఫెక్చర్లు 47 ఉన్నాయి. యుద్ధానికి ముందు వాటి గవర్నర్లను కేంద్ర హోం శాఖ పంపేది. 1947 నుంచి ప్రజలు ఎన్నుకుంటున్నారు. మహిళలు పార్లమెంటు ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేసింది 1946 ఏప్రిల్ 10న, ఆ ఒక్క ఎన్నికలోనే 39 మంది మహిళలు దిగువ సభకు గెలిచారు. మరుసటి ఏడాది గిఫు ప్రిఫెక్చర్‌లోని హోజుమి అనే గ్రామానికి మత్సునో తోమో అధ్యక్షురాలై, ఆ గ్రామం పట్టణంగా మారిన తర్వాత కూడా 1990 దాకా కొనసాగారు. ఇంత మంచి ఆరంభం తర్వాత మెట్టు మెట్టుకూ ఎంత కాలం పట్టిందో చూడండి: నగర మేయర్‌గా ఒక మహిళ గెలవడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది, ఆమె హ్యోగో ప్రిఫెక్చర్‌లోని అషియా నగరంలో గెలిచిన న్యాయవాది కితమురా హరుఎ. గవర్నర్ పదవికి ఇంకా తొమ్మిదేళ్లు. నేరుగా ఎన్నికలు మొదలైన నాటి నుంచి లెక్కిస్తే 53 ఏళ్లు.

ఆ 53 ఏళ్ల తలుపు ఎలా తెరుచుకుందన్నది ఈ వృత్తాంతంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఎవరో గట్టిగా తోస్తే తెరుచుకోలేదు. లోపల ఉన్న మగవాడు సిగ్గుతో బయటికి వెళ్లాల్సి వచ్చినప్పుడు తెరుచుకుంది.

ఒసాకాలో ఓతాకు ముందు గవర్నర్‌గా ఉన్నది యోకొయామా నొక్కు అనే హాస్య కళాకారుడు. టెలివిజన్‌తో ఇంటింటికీ తెలిసిన ఆయన 1995లో పార్టీల అభ్యర్థిని ఓడించి గెలిచారు, 1999 ఏప్రిల్‌లో ఇంకా భారీ మెజారిటీతో మళ్లీ గెలిచారు. ఆ రెండో ఎన్నిక ప్రచార వాహనంలోనే తనతో అసభ్యంగా ప్రవర్తించారని, ప్రచారంలో పనిచేసిన 21 ఏళ్ల విద్యార్థిని ఫిర్యాదు చేసింది. ఆయన మొదట అంతా అబద్ధమన్నారు, సివిల్ దావాలో తన వాదన వినిపించడానికి కూడా నిరాకరించారు. 1999 డిసెంబరులో ఒసాకా జిల్లా కోర్టు ఆమెకు 1 కోటి 10 లక్షల యెన్ చెల్లించాలని తీర్పు ఇచ్చింది. లైంగిక వేధింపుల కేసుల్లో జపాన్‌లో అప్పటిదాకా అంత మొత్తం ఎవరికీ రాలేదు. ఆ నెలలోనే ఆయన రాజీనామా చేశారు, తర్వాతి ఏడాది క్రిమినల్ కోర్టు కూడా ఆయనను దోషిగా తేల్చి, అమలు నిలిపివేస్తూ జైలు శిక్ష విధించింది. ఒక విద్యార్థిని పట్టుదల వల్ల ఖాళీ అయిన కుర్చీ అది. ఆమె పేరు ఎక్కడా రాలేదు, రాకూడదు కూడా. అయినా జపాన్ మహిళల రాజకీయ చరిత్ర రాసేవారు ఓతా కన్నా ముందు ఆమెకు ఒక పుట కేటాయించాలని నా అభిప్రాయం.

ఇప్పుడు పార్టీలకు కావలసిన అభ్యర్థి ఎలాంటి వ్యక్తి అయి ఉండాలో ఊహించడం కష్టం కాదు. మహిళ అయితే మచ్చ తుడుచుకుపోతుంది; పాలనానుభవం ఉంటే హాస్య నటుడి పాలన చూసి విసిగినవారికి ధైర్యం కలుగుతుంది; ఒసాకా ముఠాలకు చెందనిది అయితే అందరికీ ఆమోదం. ఓతా ఈ మూడింటికీ అతికినట్టు సరిపోయారు. ఆమె 1951లో హిరోషిమా ప్రిఫెక్చర్‌లోని కురె నగరంలో పుట్టారు, టోక్యో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి 1975లో అంతర్జాతీయ వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖలో చేరారు. జపాన్ పారిశ్రామిక విధానానికి మెదడు లాంటి ఆ శాఖలో అధికారి శ్రేణిలో చేరిన మహిళలు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మందే. 1997 నుంచి 1999 వరకు ఒకయామా ప్రిఫెక్చర్‌కు ఉపగవర్నర్‌గా వెళ్లి వచ్చారు. మన ఐఏఎస్ అధికారులు కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య తిరిగినట్టే, జపాన్ కేంద్ర శాఖల అధికారులు ప్రిఫెక్చర్లకు డిప్యుటేషన్‌పై వెళ్లడం మామూలే. చాలామంది పురుష గవర్నర్లు ఈ మెట్టు మీదుగానే పైకి వచ్చారు. అంటే ఆమె ఎక్కిన నిచ్చెన కొత్తది కాదు, దాని మీద కనిపించిన మనిషి కొత్త. గవర్నర్ పదవికి పోటీ చేయడానికి ఆ ప్రిఫెక్చర్‌లో నివాసం ఉండాలన్న నియమం జపాన్‌లో లేదు, 30 ఏళ్లు నిండితే చాలు. అందువల్ల ఆమెను టోక్యో నుంచి తెచ్చి నిలబెట్టడానికి చట్టపరంగా అడ్డేమీ లేకపోయింది.

చట్టం అడ్డు రాకపోయినా స్థానిక నాయకులు అడ్డు వచ్చారు. అప్పట్లో దేశంలో అధికారంలో ఉన్న లిబరల్ డెమొక్రటిక్ పార్టీ కేంద్ర కార్యాలయం డెమొక్రటిక్, కొమెయి పార్టీలతో కలిసి ఆమెను బలపరిస్తే, అదే లిబరల్ డెమొక్రటిక్ పార్టీకి చెందిన ఒసాకా శాఖ ఢిల్లీ మాట వినని రాష్ట్ర కమిటీలాగా ఎదురు తిరిగి, హిరవోకా తత్సుతో అనే విద్యాసంస్థల నిర్వాహకుణ్ని నిలబెట్టింది. కమ్యూనిస్టుల మద్దతుతో అజిసకా మకొతో అనే విశ్రాంత ఆచార్యుడు పోటీ చేశారు. ఓతాకు సుమారు 13.8 లక్షల ఓట్లు, అజిసకాకు 10 లక్షల పైచిలుకు వచ్చాయి. ఓటు వేయడానికి వచ్చినవారు సగానికి తక్కువ. ఈ అంకెలు చెప్పడానికి కారణం ఉంది. ఆమె గెలుపును మహిళా ఉద్యమ విజయంగా రాసిన వ్యాసాలు చాలా కనిపిస్తాయి. పెద్ద పార్టీలు కలిసికట్టుగా నిలబెట్టిన అభ్యర్థి కమ్యూనిస్టుల ఆచార్యుణ్ని మూడున్నర లక్షల తేడాతో ఓడించడం ఒసాకాలో ఉప్పెన కాదు. అయినా 48 ఏళ్ల ఒక మహిళ 88 లక్షల జనాభా ఉన్న ప్రిఫెక్చర్‌కు అధిపతి అయ్యారన్న వాస్తవం ఆ అంకెల వల్ల చిన్నబోదు. పేరు పోలిక చూసి కొందరు ఆమెను మహిళల ఓటుహక్కు కోసం జీవితమంతా పోరాడిన ఇచికవా ఫుసాయేతో ముడిపెడుతుంటారు. ఇద్దరికీ సంబంధం లేదు. ఇచికవా వీధి నుంచి వచ్చిన మనిషి, ఓతా ఫైళ్ల నుంచి వచ్చిన మనిషి.

ఇక సుమో సంగతి. అది నిజమే. ఏటా మార్చిలో పెద్ద సుమో పోటీలు ఒసాకాలో పదిహేను రోజులు జరుగుతాయి, చివరి రోజున విజేతకు ఇచ్చే బహుమతుల్లో ఒసాకా గవర్నర్ బహుమతి ఒకటి. దాన్ని గవర్నర్ స్వయంగా బరి మీదికి ఎక్కి ఇవ్వడం ఆనవాయితీ. దొహ్యో అనే ఆ బరి మట్టితో గట్టిగా కట్టిన ఎత్తైన వేదిక. దాని మీద గడ్డి కట్టలతో ఏర్పరచిన వలయం అడ్డుకొలత 4.55 మీటర్లు. పోటీలకు ముందు దానికి జపాన్ సొంత మతమైన షింతో పద్ధతిలో పూజ చేస్తారు, మల్లులు అడుగు పెట్టే ముందు ఉప్పు చల్లుతారు. స్త్రీలు ఆ వేదిక ఎక్కకూడదన్నది సుమో సంఘం నియమం. పదవి చేపట్టిన కొన్ని వారాలకే మార్చి వచ్చింది; బహుమతి తానే ఇస్తానని ఓతా కోరారు, సంఘం కుదరదంది, ఆమె బదులు ఉపగవర్నర్ వెళ్లి ఇచ్చారు. ఇందులోని తమాషా ఏమిటంటే, పోటీలు జరిగే ఆ క్రీడా భవనం ఒసాకా ప్రిఫెక్చర్ సొంతం. ఇంటి యజమానురాలికి తన ఇంట్లో ఒక మూల మాత్రం మైల అయింది.

ఈ అభ్యంతరం ఆమెతో మొదలవలేదు. 1990లో మంత్రివర్గ ప్రధాన కార్యదర్శి అనే మంత్రి పదవిలో ఉన్న మొరియామా మయుమి ప్రధానమంత్రి కప్పు తానే అందిస్తానంటే సంఘం అప్పుడూ ఇదే జవాబు ఇచ్చింది. ఓతా తర్వాతా ఆగలేదు. 2018 ఏప్రిల్‌లో మైజురు నగరంలో బరి మీద మాట్లాడుతూ మేయర్ కుప్పకూలిపోతే, ప్రథమ చికిత్స చేయడానికి పైకెక్కిన స్త్రీలను దిగిపొమ్మని మైకులో ప్రకటించారు. సంఘం ఆ తర్వాత క్షమాపణ చెప్పింది. అదే నెలలో తకరజుకా మేయర్ నకగవా తొమొకోను బరి పక్కన కింద నిలబడి మాట్లాడమన్నారు, ఆమె అలాగే నిలబడి తన అసంతృప్తిని జనం ముందు చెప్పారు. 2025 అక్టోబరులో తకాయిచి సనాఎ జపాన్ తొలి మహిళా ప్రధాని అయినప్పుడు ప్రధానమంత్రి కప్పు ఎవరు ఇస్తారన్న పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఆచారం పురాతనమైనదన్న వాదనకు చరిత్రలో బలం తక్కువ. ఎదో (1603–1868), మెయిజి (1868–1912) కాలాల్లో స్త్రీల సుమో ప్రదర్శనలు జరిగేవి, ప్రజలు టికెట్టు కొని చూసేవారు.

ఓతా ఈ విషయంలో ఎలా నడుచుకున్నారన్నదే నాకు ఆసక్తికరం. ఆమె భవనం ఇవ్వనని బెదిరించలేదు, కోర్టుకు వెళ్లలేదు, అడగడం మానలేదు. మళ్లీ మార్చి రావడం, మళ్లీ అడగడం, మళ్లీ ఉపగవర్నర్ వెళ్లడం. ఇది పిరికితనమని అప్పట్లో స్త్రీవాదులు కొందరు విమర్శించారు, అనవసరపు రాద్ధాంతమని సంప్రదాయవాదులు విసుక్కున్నారు. ఫైళ్ల మీద అభ్యంతరాన్ని ఏటా నమోదు చేస్తూ, దాని కోసం పనిని ఆపకుండా ముందుకు పోయే అధికారి స్వభావమే అది అని నాకు అనిపిస్తుంది. బరి ఎక్కకపోవడం వల్ల ఒసాకా ప్రజలకు ఒక్క యెన్ నష్టం లేదు. నష్టమంతా మరోచోట పేరుకుంటోంది.

ఒసాకా విస్తీర్ణం సుమారు 1,900 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలోని సగటు జిల్లా కన్నా చిన్నది. ఆ కాస్త నేల మీద జపాన్ రెండో ఆర్థిక కేంద్రం నిలబడింది. ప్రిఫెక్చర్ ఖజానాకు కంపెనీల మీద వేసే పన్నులే ప్రాణం. 1990ల ఆరంభంలో భూముల, షేర్ల బుడగ పగిలిపోవడం, పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే ప్రధాన కార్యాలయాలను టోక్యోకు మార్చుకోవడం కలిసి ఆ ప్రాణాన్ని పీల్చేశాయి. బుడగ రోజుల్లో మొదలుపెట్టిన నిర్మాణాల అప్పు మాత్రం తగ్గలేదు. 1998 నుంచి ప్రిఫెక్చర్ ఖాతా ఏటా లోటులోనే ముగుస్తూ వచ్చింది. జపాన్ నియమాల ప్రకారం ప్రిఫెక్చర్ లోటు దాని ప్రామాణిక ఆదాయంలో 5 శాతం దాటితే, అది ఆర్థిక పునర్నిర్మాణం అవసరమైన సంస్థగా మారి, ప్రతి ఖర్చుకూ కేంద్రం ముందు చేయి చాచాల్సి వస్తుంది. ఆ గీత దాటకుండా చూడడమే ఓతా ఎనిమిదేళ్ల పాలనకు అసలు పని అయింది.

ఆ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే రెండు భవనాలను చూస్తే చాలు. ఒసాకా నగరానికి వేరే మేయర్, వేరే బడ్జెట్, ప్రిఫెక్చర్‌తో దాదాపు సమానమైన అధికారాలు ఉన్నాయి. ఆ రోజుల్లో ఈ రెండు ప్రభుత్వాలకూ పడేది కాదు. నగరం సముద్రపు ఒడ్డున 1995లో 256 మీటర్ల ఎత్తైన భవనం కట్టింది. ప్రిఫెక్చర్ 1996లో కన్సాయ్ విమానాశ్రయం ఎదుట ఇంకో భవనం కట్టింది, దాని ఎత్తు 256.1 మీటర్లు. ఆ పది సెంటీమీటర్ల పంతానికి పెట్టిన డబ్బు ఎంతో ఆలోచించండి. రెండింటి వెనక ఉన్న సంస్థలూ తర్వాత దివాలా తీశాయి. ప్రిఫెక్చర్‌ను, నగరాన్ని కలిపి చెప్పే 'ఫు-షి అవసె' అనే మాటను కలిపి పలికితే జపానీ భాషలో 'దురదృష్టం' అని వినిపిస్తుంది, ఒసాకావాళ్లు ఆ శ్లేషను ఇష్టంగా వాడతారు. ఈ రెండు పాలనలనూ ఒకటి చేసి టోక్యో తరహాలో మహానగర ప్రభుత్వం ఏర్పరచాలన్న ఆలోచనను ఓతా తన మొదటి పదవీకాలంలోనే ముందుకు తెచ్చారు. అప్పటి మేయర్ ఇసోమురా తకఫుమి దానికి ఎదురుగా, నగరానికే ఇంకా ఎక్కువ అధికారాలు కావాలన్నారు. ఆలోచన అక్కడే ఆగిపోయింది. అదే ఆలోచన, ఓతా తర్వాత గవర్నర్ అయిన హషిమొతో తోరు చేతిలో పెద్ద ఉద్యమమై, 2015 మే, 2020 నవంబరు నెలల్లో రెండుసార్లు ప్రజాభిప్రాయ సేకరణ దాకా వెళ్లి రెండుసార్లూ స్వల్ప తేడాతో ఓడిపోయింది. విత్తనం ఎవరు నాటారో ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు.

పారిశ్రామిక శాఖలో పాతికేళ్లు పనిచేసిన మనిషి సహజంగానే పరిశ్రమల మీద ఆశ పెట్టుకున్నారు. కన్సాయ్ విమానాశ్రయం రెండో రన్‌వే 2007 ఆగస్టులో మొదలైంది. అంతకు కొద్ది రోజుల ముందు, షార్ప్ కంపెనీ తన అతిపెద్ద ద్రవ స్ఫటిక (ఎల్‌సీడీ) తెరల కర్మాగారాన్ని సకాయ్ నగరంలో పెడతానని ప్రకటించింది. పొరుగునున్న హ్యోగో ప్రిఫెక్చర్ కూడా దాని కోసం పోటీ పడింది. ఒసాకా తన సబ్సిడీ గరిష్ఠ పరిమితిని 1,500 కోట్ల యెన్ దాకా పెంచి గెలుచుకుంది. కర్మాగారాల కోసం రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీ పడి రాయితీలు ఇవ్వడం మనకు కొత్త కాదు కాబట్టి ఇది మంచో చెడో మీరే తూచుకోవచ్చు. ఆ కర్మాగారం 2009లో ఉత్పత్తి మొదలుపెట్టి, చైనా, కొరియా కంపెనీల ధరలకు తట్టుకోలేక 2024లో టెలివిజన్ తెరల తయారీని ఆపేసింది. పదిహేడేళ్ల తర్వాత ఏం జరుగుతుందో 2007లో ఎవరికీ తెలియదు, కనుక ఈ విషయంలో ఆమెను తప్పుపట్టడం నాకు సబబుగా తోచదు.

చిన్నవైనా ప్రజలకు గుర్తున్న పనులు వేరే ఉన్నాయి. 2001 జూన్‌లో ఇకెదా పట్టణంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో దుండగుడు చొరబడి ఎనిమిది మంది పిల్లలను చంపాడు. 2005లో నెయగవాలో ఒక ఉపాధ్యాయుడు బడిలోనే హత్యకు గురయ్యారు. ఆ తర్వాత ప్రాథమిక పాఠశాలల గేట్ల దగ్గర కాపలాదారులను పెట్టడానికి ప్రిఫెక్చర్ సొమ్ము ఇవ్వడం మొదలైంది. లోటు బడ్జెట్‌లో ఇలాంటి ఖర్చు పెట్టాలంటే మరోచోట కోయాలి, ఉద్యోగుల సంఖ్యలో, జీతాల్లో ఆమె కోత పెట్టారు.

కోతలు సరిపోలేదు. ఇక్కడే ఆమె పాలనపై అతిపెద్ద విమర్శ పుట్టింది. బాండ్ల గడువు తీరినప్పుడు చెల్లించడానికి ప్రిఫెక్చర్ ఏటా కొంత సొమ్మును ఒక ప్రత్యేక నిధిలో పక్కన పెట్టాలి. 2001 నుంచి ఒసాకా ఆ నిధి నుంచే అప్పు తీసుకుని ఏటి లోటును పూడ్చుకుంటూ వచ్చింది. ఇది చట్టవిరుద్ధం కాదు, కాని ఈ జేబులోంచి తీసి ఆ జేబులో వేసుకుని డబ్బు ఉందనుకోవడమే. 2007 దాకా ఇలా తీసుకున్న మొత్తం 50,000 కోట్ల యెన్‌కు పైమాటే. ఈ ఉపాయం వల్ల ఆ 5 శాతం గీత దాటకుండా ప్రిఫెక్చర్ నిలబడింది, అదే ఉపాయం వల్ల అసలు రోగం ఎంత ముదిరిందో ఓటర్లకు కనిపించకుండా పోయింది. ఆమె తర్వాత వచ్చిన హషిమొతో మొదటి రోజుల్లోనే ఆ అప్పులు ఆపేసి, గత పాలన మీద విరుచుకుపడి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆ అప్పులకు మూలమైన నిర్మాణాలన్నీ ఆమె రాకముందువే. అయినా ఎనిమిదేళ్ల పాటు లెక్కలను చక్కబెట్టే నేర్పు చూపిన అధికారి, ఆ లెక్కల వెనక ఉన్న నిజాన్ని ప్రజల ముందు పెట్టి కఠిన నిర్ణయాలకు వారిని ఒప్పించే రాజకీయ నాయకురాలు కాలేకపోయారు. ఆమె గురించి నా తీర్పు ఇదే, ఇందులో ఆమె మహిళ కావడానికి సంబంధం లేదు.

2004 ఫిబ్రవరిలో రెండోసారి ఆమె సులభంగానే గెలిచారు. మాజీ బేస్‌బాల్ ఆటగాడు, ఎగువ సభ మాజీ సభ్యుడు ఎమొతో తకెనోరి ప్రత్యర్థిగా నిలిచిన ఆ ఎన్నికలో ఆమెకు 15 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. మూడోసారి మాత్రం పోటీ దాకా రాలేదు. 2007 చివరలో, చిన్న, మధ్యతరహా సంస్థల యజమానుల బృందం సమావేశాల్లో పాల్గొన్నందుకు ఆమె భారీ పారితోషికాలు తీసుకున్నారన్న వార్తలు, ఆమె రాజకీయ సంఘాల కార్యాలయ ఖర్చుల లెక్కలపై ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. తొలి ఎన్నికలో ఆమెను పిలిచి నిలబెట్టిన పార్టీలే ఈసారి మద్దతు ఇవ్వడం లేదని తేల్చాయి, డిసెంబరులో ఆమె తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. సొంత పునాది లేకుండా పార్టీల ఒప్పందం మీద పదవికి వచ్చినవారికి ఆ ఒప్పందం ముగిసిన రోజే పదవీ ముగుస్తుంది. 2008 జనవరిలో 38 ఏళ్ల హషిమొతో, టెలివిజన్‌లో పేరు తెచ్చుకున్న న్యాయవాది, ఆమె కుర్చీకి ఎన్నికయ్యారు. ఒక టెలివిజన్ వ్యక్తి వదిలిన కుర్చీ మధ్యలో ఒక అధికారిణిని చూసి మళ్లీ టెలివిజన్ వ్యక్తి చేతికే చేరింది.

ఆమె వెనక ఎవరైనా వచ్చారా అని మీరు అడగలేదు, కాని ఆ సంగతి లేకుండా ఈ జవాబు పూర్తి కాదు. ఓతా గెలిచిన రెండు నెలలకే, 2000 ఏప్రిల్‌లో, కుమమొతోలో గవర్నర్ హఠాన్మరణంతో ఉపగవర్నర్ షియొతాని యొషికో గెలిచారు. ఆమె శిశు సంరక్షణ గృహం నడిపిన సంక్షేమ రంగం మనిషి. 2001లో చిబాలో పాత్రికేయురాలు దోమొతో అకికో, 2003లో హొక్కైదోలో ఓతా పనిచేసిన మంత్రిత్వ శాఖకే చెందిన తకహషి హరుమి, 2006లో షిగాలో బివా సరస్సుపై పరిశోధించిన పర్యావరణ సామాజిక శాస్త్రవేత్త కదా యుకికో. కదా గెలిచిన జులై నుంచి 2008 ఫిబ్రవరిలో ఓతా దిగిపోయేదాకా జపాన్‌లో ఒకేసారి ఐదుగురు మహిళా గవర్నర్లు ఉన్నారు. ఆ సంఖ్య మళ్లీ రాలేదు. 2009లో యమగతాలో యొషిమురా మియెకో, 2016లో టోక్యోలో కొయికె యురికో గెలిచారు. 2019లో తకహషి దిగిపోయాక చాలాకాలం 47 ప్రిఫెక్చర్లకు ఆ ఇద్దరే మిగిలారు.

ఈ ఏడుగురిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. ఓతా, షియొతాని, కొయికె ముగ్గురికీ అనుకోకుండా ఖాళీ అయిన కుర్చీ దొరికింది. కొయికెకు ముందున్న మసుజోఎ యొఇచి ఖర్చుల వివాదంలో రాజీనామా చేశారు. దోమొతో, తకహషి పోటీ చేసినప్పుడు పాత గవర్నర్లు రంగంలో లేరు. పదవిలో ఉన్న గవర్నర్‌ను ఎదురుగా నిలబడి ఓడించినవారు కదా యుకికో, యొషిమురా మియెకో ఇద్దరే. ఒకే సీటు ఉన్న ఎన్నిక కాబట్టి ఇక్కడ రిజర్వేషన్ అనే మాటే రాదు. మన రెండు రాష్ట్రాల పంచాయతీల్లో సగం పదవులు మహిళలకు కేటాయించినట్టుగా జపాన్ స్థానిక సభల్లో కూడా కేటాయింపు ఏదీ లేదు. పురుష, మహిళా అభ్యర్థుల సంఖ్య సమానంగా ఉండేలా పార్టీలు ప్రయత్నించాలని 2018లో ఒక చట్టం చేశారు, ప్రయత్నించకపోతే శిక్ష మాత్రం లేదు.

ఓతా తర్వాత ఏం చేశారంటే, 2013లో లిబరల్ డెమొక్రటిక్ పార్టీ దామాషా జాబితా నుంచి పార్లమెంటు ఎగువ సభకు వెళ్లారు. 2019లో తిరిగి ఒసాకాకు వచ్చి, నాలుగు సీట్లున్న ఆ నియోజకవర్గంలో నాలుగో స్థానంలో గెలిచారు. మొదటి రెండు స్థానాలూ హషిమొతో స్థాపించిన పార్టీ అభ్యర్థులకు దక్కాయి. 2022లో ఆమె ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖ ఉపమంత్రి అయ్యారు; 1975లో ఇరవై మూడేళ్ల వయసులో ఉద్యోగిగా అడుగుపెట్టిన శాఖే పేరు మార్చుకుని అప్పటికి ఆ పేరుతో ఉంది.